పక్కకు జరగడం తెలిసిన సంగీత దర్శకుడు: జార్జ్ ఫెంటన్

అందరికీ నమస్కారం.

ఒక సంగీత దర్శకుడి గురించి మాట్లాడమని అడిగినప్పుడు నేను ఇళయరాజా గురించి చెబుతాననే మీరు అనుకొని ఉంటారు. ఆయన గురించి ఈ హాల్లో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు కనీసం సగం మంది ఉంటారు. అందుకే మీరు సంగీతం విని, పేరు మాత్రం వినని మనిషిని ఎంచుకున్నాను. ఆయన జార్జ్ ఫెంటన్.

విన్నారని అంత ధీమాగా ఎలా అంటున్నానంటే, 1982లో వచ్చిన 'గాంధీ' సినిమా చూడనివాళ్లు మనలో తక్కువ. ఆ సినిమాకు సంగీతం ఎవరంటే చటుక్కున రవిశంకర్ అంటాం. నిజమే. కానీ టైటిల్స్‌లో ఇంకో పేరు కూడా ఉంటుంది. ఆర్కెస్ట్రా సంగీతం, అదనపు సంగీతం జార్జ్ ఫెంటన్‌ది. అప్పటికి ఆయనకు ముప్ఫై దాటి రెండు మూడేళ్లు. చేతిలో చెప్పుకోదగ్గ పెద్ద సినిమా ఒక్కటీ లేదు. రవిశంకర్‌కు అరవై దాటాయి, ప్రపంచమంతా తెలిసిన పేరు.

ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఈయన ఎక్కడి నుంచి వచ్చారో చెప్పాలి.

లండన్‌లో పుట్టారు. అసలు పేరు జార్జ్ హౌ. మొదలైంది సంగీతంతో కాదు, నటనతో. 1968లో అలన్ బెనెట్ రాసిన 'ఫార్టీ ఇయర్స్ ఆన్' అనే నాటకంలో బడి పిల్లల్లో ఒకడిగా వేదికెక్కారు. హెడ్‌మాస్టర్ వేషం వేసింది ఎవరో కాదు, ఇంగ్లీషు రంగస్థలం మీద మహానటుడు జాన్ గీల్గుడ్. రోజూ సాయంత్రం గీల్గుడ్ డైలాగు చెబుతుంటే అదే వేదిక మీద నుంచి వినడం అనుకోండి. మాటకు ముందు ఎంత ఆగాలి, నవ్వు పూర్తిగా తగ్గకముందే తర్వాతి మాట ఎప్పుడు అందుకోవాలి, ఇవి ఏ సంగీత కళాశాలలోనూ చెప్పరు. తర్వాత 1974లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వేసిన 'ట్వెల్ఫ్త్ నైట్'కు సంగీతం కూర్చే పని వచ్చింది. అక్కడి నుంచి నాటకాలు, నాటకాల నుంచి టీవీ.

మన దగ్గర సంగీత దర్శకుడి కొలబద్ద పాట. రీరికార్డింగ్, అంటే సీన్ల వెనక వినిపించే నేపథ్య సంగీతం, చివర్లో, రిలీజ్ డేటు మెడ మీద కత్తిలా ఉన్నప్పుడు, మిగిలిన నాలుగు రోజుల్లో జరిగే పని. ఫెంటన్ పనిచేసిన బ్రిటన్, హాలీవుడ్‌లలో లెక్క తిరగబడుతుంది. పాటలు లేవు, జీవితమంతా రీరికార్డింగే. ఎడిటింగ్ అయ్యాక దర్శకుడు, సంగీత దర్శకుడు పక్కపక్కన కూర్చుని సినిమా మొత్తం చూస్తూ సంగీతం ఏ క్షణంలో మొదలవ్వాలి, ఏ క్షణంలో ఆగాలి అని తేల్చుకుంటారు. దీన్ని స్పాటింగ్ అంటారు. నన్నడిగితే సంగీత దర్శకుడి అసలు ప్రతిభ అక్కడే బయటపడుతుంది, స్వరాలు రాయడం ఆ తర్వాతి మాట.

1980లలో బ్రిటన్‌లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోకీ ఫెంటన్ సంగీతం రోజూ వెళ్లింది. బీబీసీ 'న్యూస్‌నైట్', మధ్యాహ్నం ఒంటిగంట వార్తలు, రాత్రి తొమ్మిది గంటల వార్తలు, వీటి సిగ్నేచర్ ట్యూన్లు ఆయనవే. డిటెక్టివ్ సీరియల్ 'బెర్జెరాక్' టైటిల్ మ్యూజిక్ ఆయనదే. వార్తల ట్యూన్ అంటే చిన్నచూపు చూడకండి. ఆ రోజు మొదటి వార్త విమాన ప్రమాదమా, ఎన్నికల ఫలితమా, క్రికెట్‌లో గెలుపా అన్నది ట్యూన్ రాసేవాడికి తెలియదు. అన్నిటి ముందూ అదే నడవాలి. చావు కబురు ముందు హుషారుగా ఉండకూడదు, మంచి కబురు ముందు ఏడవకూడదు. వంటింట్లో ఉన్న మనిషిని హాల్లోకి రప్పించాలి. ఏళ్ల తరబడి విన్నా విసుగు రాకూడదు. ఇంత చేసినా రాసిందెవరని ఎవరూ అడగరు. ఆకాశవాణి పొద్దున ట్యూన్ వింటూ పెరిగిన మనలో ఎంతమందికి వాల్టర్ కాఫ్‌మన్ పేరు తెలుసు?

ఇక 'గాంధీ'. దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో ఈ సినిమా కోసం ఇరవై ఏళ్లు తిరిగారు. ఇందులో ఒక చిక్కు ఉంది. కొల్లాయి కట్టుకున్న మనిషి వెనక ఎనభై వయొలిన్లు మోగితే ఆయన గాంధీలా ఉండడు, హాలీవుడ్ బైబిల్ సినిమాలో మోజెస్ ప్రవక్తలా ఉంటాడు. అలాగని మొత్తం సితార్, సరోద్‌ల మీదే నడిపితే, బ్రిటిష్ కోర్టు హాల్ల వాసన, దక్షిణాఫ్రికా, వైస్రాయి భవనం, ఇవన్నీ ఎవరు మోస్తారు? భారతీయ వాద్యాల వంతు రవిశంకర్‌కు, ఆర్కెస్ట్రా వంతు ఫెంటన్‌కు వచ్చాయి. వినడానికి సులువైన పంపకంలా ఉంటుంది. కానీ రాగంలో సాగే సంగీతం పక్కన హార్మనీతో నడిచే సంగీతాన్ని పెట్టడం ప్రమాదకరమైన పని. కింద నుంచి తీగవాద్యాలు నాలుగు స్వరాలు కలిపి పట్టాయంటే పైన గమకం ఊపిరాడక చచ్చిపోతుంది. ఆర్కెస్ట్రా వాడే తగ్గాలి. ఫెంటన్ చాలాచోట్ల తగ్గారు. కొన్నిచోట్ల తగ్గలేదు, అక్కడ నాకు సంగీతం సినిమా కంటే ఎత్తుగా నిలబడినట్టు అనిపిస్తుంది. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు.

ఆ ఏడు 'గాంధీ'కి 8 ఆస్కార్లు వచ్చాయి. సంగీతానికి రాలేదు. రవిశంకర్, ఫెంటన్ ఇద్దరూ కలిసి నామినేట్ అయ్యారు, అవార్డు మాత్రం 'ఈటీ'కి జాన్ విలియమ్స్ పట్టుకెళ్లారు. 1984లో భారతదేశం మళ్లీ ఫెంటన్‌ను పిలిచింది. బ్రిటిష్ పాలన చివరి రోజుల మీద గ్రెనాడా టీవీ తీసిన 14 భాగాల 'ది జ్యువెల్ ఇన్ ది క్రౌన్'. 1987లో మళ్లీ అటెన్‌బరోతో 'క్రై ఫ్రీడమ్', దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష మీద పోరాడిన స్టీవ్ బీకో కథ. అక్కడా అదే పద్ధతి. దక్షిణాఫ్రికా నుంచి ప్రవాసంలో ఉన్న ట్రాంబోన్ వాద్యకారుడు జోనస్ గ్వాంగ్వాతో కలిసి సంగీతం చేశారు, ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేశారు. ఇంకొకరి దేశం కథకు సంగీతం చేస్తున్నప్పుడు ఆ దేశపు మనిషిని సహాయకుడిగా కాకుండా సమానుడిగా పెట్టుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఈ రోజుల్లోనూ అంత మామూలేం కాదు లెండి.

ఆస్కార్ సంగతి ఇక్కడితో ముగించేస్తాను. 'గాంధీ'కి ఒకటి, 'క్రై ఫ్రీడమ్'కు రెండు, 'డేంజరస్ లియజాన్స్'కు ఒకటి, 'ది ఫిషర్ కింగ్'కు ఒకటి, మొత్తం ఐదు నామినేషన్లు. చేతికి వచ్చినవి సున్నా. మధ్యలో 'గ్రౌండ్‌హాగ్ డే' లాంటి హాలీవుడ్ కామెడీలు కూడా చేశారు, వాటి మీద ఇప్పుడు ఆగను.

నేను ఆగాలనుకుంటున్నది బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ దగ్గర. 1994లో 'లేడీబర్డ్ లేడీబర్డ్'తో మొదలై 2023లో 'ది ఓల్డ్ ఓక్' దాకా ఈ ఇద్దరిదీ దాదాపు ముప్ఫై ఏళ్ల ప్రయాణం. కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచిన రెండు సినిమాలూ, 2006 నాటి 'ది విండ్ దట్ షేక్స్ ది బార్లీ', 2016 నాటి 'ఐ, డేనియల్ బ్లేక్', ఇందులోవే. లోచ్ సినిమాలు చూసినవాళ్లను సంగీతం ఎలా ఉందని అడగండి. 'సంగీతం ఉందా అందులో?' అంటారు.

'ఐ, డేనియల్ బ్లేక్'లో ఫుడ్ బ్యాంక్ సీను ఒకటి ఉంది, అంటే లేనివాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే చోటు. ఇద్దరు పిల్లల తల్లి కేటీ, పిల్లలకు పెట్టి తాను పస్తులుంటున్న మనిషి. అక్కడ సరుకులు తీసుకుంటూ తీసుకుంటూ అరల పక్కకు తిరిగి, బీన్స్ డబ్బా మూత లాగేసి, చేత్తో నోట్లో పోసుకుంటుంది. మరుక్షణం సిగ్గుతో కుప్పకూలిపోతుంది. అదే సీను మన రీరికార్డింగ్ థియేటర్‌కు వచ్చి ఉంటే ఒక షెహనాయి, ఒక ఆడగొంతు ఆలాపన గ్యారంటీ. ఇక్కడ ఏమీ లేదు. వాళ్ల మాటలు, గదిలో చప్పుళ్లు, అంతే. ఆ తల్లిని ఓదార్చే పని సంగీతం తీసుకుంటే చూసేవాడు హాయిగా కన్నీళ్లు తుడుచుకుని ఇంటికి పోతాడు. ఆ సౌకర్యం మనకు ఇవ్వకూడదనే లోచ్ పట్టుదల. డబ్బు తీసుకుని సంగీతం చేసేవాడు ఇక్కడ నా పని లేదని ఒప్పుకోవాలంటే గుండె ధైర్యం కావాలి.

మరి ఇదే మనిషి సముద్రం దగ్గరికి వచ్చేసరికి గొంతు విప్పుతాడు. 2001లో బీబీసీ 'ది బ్లూ ప్లానెట్', 8 భాగాలు. 2006లో 'ప్లానెట్ ఎర్త్', 11 భాగాలు. రెండింటికీ ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, వచ్చాయి. ఇక్కడ ఎందుకంత సంగీతం అంటే, కారణం సాంకేతికమైనది కూడా. 'ప్లానెట్ ఎర్త్'లో దక్షిణాఫ్రికా తీరాన ఒక పెద్ద తెల్ల సొర చేప సీల్‌ను నోట కరుచుకుని నీళ్లలోంచి గాల్లోకి ఎగురుతుంది. నిజంగా జరిగింది ఒక్క సెకను. తెర మీద దాన్ని 40 రెట్లు నెమ్మది చేశారు. ఆ వేగంలో అసలు శబ్దమంటూ ఏమీ మిగలదు. లోతు నీళ్లలో తీసిన షాట్లదీ అదే కథ, చిత్రం ఉంటుంది, వాడుకునే శబ్దం ఉండదు. ఆ ఖాళీ అంతా ఆర్కెస్ట్రాయే నింపాలి. అదీ వ్యాఖ్యానం చెప్పే డేవిడ్ అటెన్‌బరో గొంతుకు దారి వదులుతూ. ఈయన పైన చెప్పిన రిచర్డ్ తమ్ముడు. ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరికీ సంగీతం చేసిన ఘనత ఫెంటన్‌ది.

ఇందులో నీతికి సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. 'బ్లూ ప్లానెట్' మొదటి భాగంలో ఓర్కాల (కిల్లర్ వేల్స్) గుంపు ఒక గ్రే వేల్ తిమింగలం తల్లిని, పిల్లను గంటల తరబడి తరుముతుంది. చివరికి పిల్లను చంపి, నాలుక, కింది దవడ మాత్రం తిని మిగతాది వదిలేస్తాయి. సంగీతం తల్లి వైపు ఉండాలా, వేటాడే వాటి వైపు ఉండాలా? ఎటు మొగ్గినా ప్రకృతిలో లేని విలన్‌ను మనం తయారు చేసినట్టే. శాస్త్రవేత్తలు ఇలాంటి సంగీతాన్ని అనుమానంగా చూడటంలో తప్పు లేదని నేనూ అంటాను. అయినా వింటాను.

ఈ సముద్రపు సంగీతాన్నే తర్వాత 'డీప్ బ్లూ' సినిమాకు బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది, ఫెంటనే కండక్ట్ చేశారు. పెద్ద తెర కింద ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టి కచేరీలుగా ఊరూరా తిప్పారు కూడా.

నేను చెప్పాల్సింది అయింది. ఇప్పుడు ఆ వేల్ సీను రెండుసార్లు వేస్తాం. మొదటిసారి సౌండ్ పూర్తిగా ఆపేసి, రెండోసారి సంగీతంతో. రెండింటికీ మధ్య పక్కవాళ్లతో మాట్లాడుకోవద్దు, మీరు ఎవరి పక్షాన నిలబడ్డారో కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను. ఆపరేటర్ గారూ, లైట్లు తీసేయండి.