పొన్నగంటి తొట్టికి పక్కన చిల్లు
(మిద్దెతోటల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు నా చేతుల్లో ఉన్న ఈ రెండు కొమ్మలూ చూడండి. వెనక వరుసలో వాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. ముందు వరుసలో వాళ్లకూ అంతే. ఎదురెదురు ఆకులు, తెల్లటి చిన్న పూలు. కుడిచేతిలోది మా మేడ మీద తొట్టిలోంచి తుంచిన పొన్నగంటి. ఎడమచేతిలోది మా వీధి వెనక మురుగుకాలువ ఒడ్డుది. పొన్నగంటే అనుకుని దీన్ని రెండు నెలలు అపురూపంగా పెంచాను. చివరికి మా అత్తగారు ఊరినుంచి వచ్చి, "అల్లుడుగారూ, పూవుకింత కాడుంది, ఇదేం పొన్నగంటండీ?" అన్నారు. అప్పుడు గాని తెలియలేదు.

ఆవిడ చెప్పిన గుర్తు వృక్షశాస్త్రం చెప్పేదే. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు పెట్టిన పేరులో 'సెసిలిస్' అనే లాటిన్ మాట ఉంది. కాడ లేకుండా కూర్చున్నది అని అర్థం. పొన్నగంటి పూలగుత్తి ఆకు మొదట్లో కణుపుకు అతుక్కుని కూర్చుంటుంది. ఈ రెండోది ఎలిగేటర్ వీడ్, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు. దీని పూలగుత్తి పొడవాటి కాడ చివర గుండ్రంగా నిలబడుతుంది. కాడ విరిచి, బోలుగా ఉంటే అదే ఎలిగేటర్ అని కొందరు చెబుతారు. నమ్మకండి. నీళ్లలో పెరిగితే పొన్నగంటి కాడ కూడా లావెక్కి బోలవుతుంది. పూవు వచ్చేదాకా ఆగి చూడటమే మేలు.

ఇది నీటి ఒడ్డు మొక్క. మాది కృష్ణా డెల్టా. సార్వా నాట్లయ్యాక కలుపు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లు సాయంత్రం ఒడిలో పొన్నగంటి వేసుకుని ఇంటికొచ్చేవారు. చేలో కలుపు, ఇంట్లో కూర. వేసవిలో కాలువలు కట్టేస్తే అదే మొక్క నేలకు కరుచుకుని, గోరంత ఆకులతో ప్రాణం నిలుపుకునేది. కాలువ వదలగానే మళ్లీ జానెడు సాగేది. దాన్ని పెంచడమేమిటి, అని మా అమ్మ వింటే నవ్వేది.

అయినా ఇప్పుడు పెంచుకోక తప్పదంటున్నాను. ఎందుకంటే ఇది తాగిన నీళ్లే ఆకవుతుంది. ఈ ఊళ్లో మూసీ నీటితో ఆకుకూరలు పండిస్తారని మీకు తెలుసు. మురుగులో సీసం, కాడ్మియం ఉంటే ఆకులోకి ఎక్కుతాయి. కడిగితే పోవు, ఉడికించినా పోవు. పల్లెకు వెళ్లినా గట్ల మీద కలుపుమందు కొట్టి ఉండొచ్చు.

ఇక తొట్టి సంగతి. లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. జానెడు లోతు చాలు. చిల్లు అడుగున పెట్టొద్దు, పక్కన, అడుగు నుంచి మూడు వేళ్ల ఎత్తులో పెట్టండి. అడుగున ఎప్పుడూ నీళ్లుంటాయి, ఎక్కువైనవి పోతాయి, పైన మట్టి చెమ్మగా ఉంటుంది. పైన నీళ్లు నిలబెట్టారంటే పొన్నగంటితో పాటు దోమల్ని కూడా పెంచుతున్నట్టే. చెరువు మట్టి దొరికితే అదృష్టం. లేకపోతే మామూలు మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. విత్తనాల కోసం తిరగొద్దు. నాలుగు కణుపులున్న ముక్క తీసుకుని, కింది ఆకులు గిల్లేసి, రెండు కణుపులు మట్టిలో పూడ్చండి. వేరు వచ్చేది కణుపు దగ్గరే. ఎండ సగం పూటైనా తగలాలి. నీడలో పెరుగుతుంది గాని సాగిపోయి చప్పబడుతుంది.

కోయడానికి మొహమాటపడకండి. నేలకు రెండు కణుపులు వదిలి కత్తెరతో తెగ్గోస్తే ఆ కణుపుల్లోంచి కొత్త కొమ్మలు చీలతాయి. కోయకపోతే పూతకొచ్చి ఆకు బిరుసెక్కుతుంది. ఆకులు ముడిచి లోపల కూర్చునే పచ్చపురుగు ఒకటి వస్తుంది. ఆ ముడతల్ని చేత్తో ఏరేస్తే సరిపోతుంది. తినే ఆకు మీద మందు కొట్టాలనిపిస్తే మొక్కనే పీకేయండి.

'పోయిన కంటి కూర' కాబట్టి పొన్నగంటి అయిందని చెప్పుకుంటాం. వినడానికి బాగుంటుంది. ఇందులో శరీరం విటమిన్ ఏగా మార్చుకునే కెరోటిన్ ఉన్నమాట నిజమే. అది ఒంటబట్టాలంటే కాస్త నూనె పడాలి, కాబట్టి పెసరపప్పు, వెల్లుల్లి వేసి వేపుడు చేసుకోండి. అంతేగాని చూపు మందగిస్తే కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కిడ్నీ రాళ్లున్నవారు కూడా డాక్టర్ని అడిగే తినాలి. తోటకూర కుటుంబం కదా, ఆక్సలేట్లు ఉంటాయి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. అక్కడికి వెళ్లేటప్పుడు ఈ కొమ్మలు సంచిలో పెట్టకండి. ఆ దేశపు ఫెడరల్ హానికర కలుపు మొక్కల జాబితాలో పొన్నగంటి ఉంది. మనమూ తక్కువేం కాదు, తొట్టిలో పెరిగిపోయినదాన్ని తీసి కాలువలో పారేస్తాం. ఆ ముక్కల్ని ఎండలో పూర్తిగా మాడ్చి ఎరువుగుంటలో వేయండి. నా ఎలిగేటర్‌ను రెండు వారాలు మేడ మీద మాడ్చాను, అందులో ఒక కణుపు అప్పటికీ పచ్చగానే ఉంది.

బయట బల్ల మీద తడి గోనెలో కొమ్మలు చుట్టిపెట్టాను, మనిషికి నాలుగు. రెండు రోజులు నీడలో తడిగా ఉంచితే చావవు. ఆలోగా తొట్టికి పక్కన చిల్లు పెట్టుకోండి.