దేవమాలి కింద మూడు రాత్రులు: ట్రైల్ రైడింగ్ క్యాంప్ రివ్యూ, ఏ రోజు ఎక్కడికి వెళ్లాలి

నమస్కారం అండీ. నేను నిలబడి ఉన్న ఈ పచ్చటి కొండ దేవమాలి. ఒడిశా మొత్తంలో ఇంతకన్నా ఎత్తైనది లేదు, 1672 మీటర్లు. టైమ్ ఇంకా ఆరు కాలేదు. కింద లోయంతా మబ్బు కప్పేసి ఉంది. గాలి ఎక్కువగా ఉంది కాబట్టి మాట సరిగ్గా వినపడకపోతే సౌండ్ కొంచెం పెంచుకోండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం చెప్తాను. నేను పుట్టి పెరిగింది ఇక్కడికి దగ్గర్లోని సునాబెడలో. మా నాన్నగారు అక్కడి విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, సంతకి వెళ్తే ఇక్కడి ఊళ్ల వాడుక భాష దేశియా. కోరాపుట్ జిల్లాలో మాలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ మధ్య సెమిలిగుడ, పొట్టంగి వైపు టెంట్లు వేసి, గేర్ల సైకిళ్లు ఇచ్చి, అడవి దారుల్లో తిప్పే క్యాంపులు వచ్చాయి. విజయనగరం, వైజాగ్ నుంచి రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు, "అక్కా, పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చా, ఎన్ని రోజులు ఉండాలి?" అని. అందుకే మా ఆయన, నేను, పదకొండేళ్ల మా పాప బుధవారం సాయంత్రం వచ్చి మూడు రాత్రులు ఉన్నాం. డబ్బు మాదే. క్యాంప్ పేరు చెప్పడం లేదు. నేను చెప్పేది ఇక్కడ ఏ క్యాంప్‌లో దిగినా పనికొస్తుంది.

ముందు నేను నిలబడి ఉన్న ఈ కొండ గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ నాకు మనసు బాగా నొచ్చింది. దాదాపు పైదాకా రోడ్డు ఉంది. కార్లు, బైకులు వచ్చేస్తాయి. ఇదిగో, కెమెరా ఇటు తిప్పుతున్నాను. గడ్డిలో ఈ ఎర్రటి గీతలు కనిపిస్తున్నాయా? ఇవి టైర్లు చేసిన గాట్లు. రోడ్డు వదిలేసి, ఫోటో కోసం బండిని గడ్డి మీదకి ఎక్కిస్తున్నారు. ఒకసారి గడ్డి లేచిపోయిందంటే వానకి మట్టి కొట్టుకుపోతుంది. నిరుడు చూసినప్పుడు టైరు గీతలా ఉన్నది ఇప్పుడు నా మోకాలి లోతు అయింది, చూడండి.

ఇది అందం పోయిందన్న బాధ మాత్రమే కాదండీ. ఇక్కడి కొండల పేర్లు చాలావరకు మాలి అని ముగుస్తాయి. పంచపట్మాలి, కొడింగామాలి, బాఫ్లిమాలి. పైభాగం బల్లపరుపుగా ఉంటుంది, చెట్లు తక్కువ, అంతా గడ్డే. ఆ గడ్డి కింద ఉన్నది బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం. పంచపట్మాలిలో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కో తవ్వుతున్నది అదే. బాక్సైట్ పొర నిండా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. పడిన వాన నీటిని అది స్పాంజ్‌లాగా పీల్చుకుంటుంది. ఆ నీరు మెల్లగా కిందికి దిగి, అడుగున బంకమట్టి పొర తగలగానే పక్కలకి తిరిగి ఊటలుగా బయటికొస్తుంది. మండు వేసవిలో కూడా ఈ కొండల పక్కన గెడ్డలు, అంటే వాగులు, పారేది అందుకే. పైన గడ్డి పోయి నేల గట్టిపడితే వాన నీరు ఇంకదు, జారిపోతుంది. దాని దెబ్బ తగిలేది కింద ఊళ్లకి.

మేము ఈ రోజు బండిని కిందే వదిలేసి, టార్చి లైట్లతో నడిచి వచ్చాం. మా పాప నాలుగుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంది, అయినా సూర్యోదయానికి ముందే చేరింది. మీరు కూడా నడవండి. పెద్దవాళ్లు ఉంటే బండిలో రోడ్డు ఉన్నంతవరకే తీసుకురండి. గడ్డి మీదకి మాత్రం వద్దు, నా మాట వినండి.

ఇక అసలు రైడ్. అది మేము గురువారం చేశాం. నేను మూడు రోజుల్లో ఒక్కటే పని చేయగలను అంటే ఇదే చేస్తాను, శిఖరం కూడా దీని తర్వాతే. క్యాంప్ నుంచి కొండ అంచు వెంబడి కాలిబాటలో వెళ్లి, రెండు ఊళ్లు దాటి, గెడ్డ ఒడ్డున తిరిగి రావడం. మాతో వచ్చిన గైడ్ పక్క ఊరి పరజా గిరిజన కుర్రాడు, పాతికేళ్లు ఉంటాయేమో. నన్ను దీదీ అంటాడు. ఏ మలుపులో ఎక్కడ రాయి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

కొంత దూరం వెళ్లాక ఒక చోట ఆపాడు. బండ కింద నుంచి సన్నగా నీళ్లు వస్తున్నాయి, వెదురు బొంగు చీల్చి దోనెలా పెట్టారు. ఇప్పుడు నేను నిలబడ్డ కొండ నీళ్లే అవి. అక్కడి నుంచి కిందకి చూస్తే మెట్లు మెట్లుగా వరి మళ్లు. గెడ్డ పారే దారినే మళ్లుగా మలిచి, ఒక మడి నిండాక నీరు కింద మడిలోకి దిగేలా కట్టారు. ఈ భూమిని ఇక్కడ ఝోలా అంటారు. మోటారు లేదు, బోరు లేదు. ఎన్ని తరాల పని అది! కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ముఖ్య వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది. ఆ వార్త నేను చాలాసార్లు చదివాను. ఝోలా గట్టు మీద సైకిల్ నడిపించుకుంటూ వెళ్లినప్పుడే నాకు అర్థమైంది. అవునండీ, గట్ల మీద సైకిల్ తొక్కకూడదు, చేత్తో నడిపించాలి. గైడ్ అడగకముందే మీరే దిగండి.

మెట్టల మీద వలిసె (నూనె గింజల పంట) పూలు పసుపు దుప్పటి పరిచినట్టున్నాయి. అరకులో పొలానికి టికెట్ పెట్టి ఫోటోలు తీసుకుంటారు కదా, అవే పూలు. ఇక్కడ మేము ఉన్న గంటలో ఇంకో మనిషి కనపడలేదు. నవంబర్‌లో వస్తేనే ఇవి నిండుగా ఉంటాయి, డిసెంబర్ నడిచే కొద్దీ తగ్గిపోతాయి.

సరే, ఇబ్బంది కూడా చెప్పాలి. దిగుడులో నా వెనక బ్రేక్ పట్టలేదు. లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కినా సైకిల్ పోతూనే ఉంది. పక్కన తుప్పల్లోకి తిప్పి ఆపాను, మోచెయ్యి గీరుకుపోయింది. గైడ్ చూస్తే ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి ఉంది. పాప హెల్మెట్ కూడా పెద్దవాళ్లదే, పట్టీ ఎంత బిగించినా కళ్ల మీదకి జారుతోంది. సాయంత్రం క్యాంప్ వాళ్లకి రెండూ గట్టిగా చెప్పాను. బ్రేక్ మార్చారు. పిల్లల హెల్మెట్ మాత్రం లేదు అన్నారు. అది ఒప్పుకునే విషయం కాదు. మీ పిల్లల హెల్మెట్ ఇంటి నుంచే తెచ్చుకోండి.

సైకిల్ తీసుకునేటప్పుడు రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి, సైకిల్‌ని ముందుకు తోసి చూడండి. లివర్ సగం దూరంలోనే గట్టిపడాలి. టైర్లలో గాలి రోడ్డు మీద తొక్కేంత గట్టిగా ఉంటే ఇక్కడి ఎర్ర గులకల మీద జారుతుంది, కాస్త తగ్గించమనండి. దిగుడు వచ్చే ముందు సీటు కిందకి దించి, ఒంటి బరువు వెనక్కి పెట్టండి. మలుపు తిరుగుతూ బ్రేక్ వేయకూడదు, మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. ముందు బ్రేక్ ఒక్కటే గట్టిగా పట్టొద్దు. వానాకాలంలో అయితే ఈ రైడ్ వద్దే వద్దు. ఎర్రమట్టి టైరుకి అంటుకుని చక్రం తిరగదు.

శుక్రవారం కుందులి సంత. మీ ట్రిప్‌లో శుక్రవారం కలిసేలా చూసుకోండి. సెమిలిగుడ నుంచి పొట్టంగి వెళ్లే హైవే మీదే ఉంటుంది. మా అమ్మ వెనకాల సంచి పట్టుకుని వచ్చిన సంత ఇది. కొండ మీది ఊళ్ల నుంచి కావడి వేసుకుని, తల మీద గంపలు పెట్టుకుని వస్తారు. అల్లం, పసుపు, కొండ చింతపండు, చోళ్లు (రాగులు), పేరు తెలియని దుంపలు, ఆకుకూరలు. ఒక పక్క సాలూరు యాసలో తెలుగు బేరాలు, ఇంకో పక్క దేశియా. మా పాప సొరకాయ బుర్రలో పోసిన చోడి అంబలి మొదటిసారి అక్కడే తాగింది. ఇక్కడ మాండియా పేజ్ అంటారు. ఎండలో నడిచి వచ్చాక ఆ పుల్లటి చల్లదనం ముందు కూల్‌డ్రింక్ దేనికీ పనికిరాదు.

సంతలో మొహాల దగ్గర కెమెరా పెట్టొద్దు. ఈ వీడియోలో కూడా మీకు సరుకులే చూపిస్తున్నాను. కొనండి, మాట్లాడండి. వాళ్లు సరే అంటేనే ఫోటో. నేను కిలో అల్లం, చోళ్లు, కాలాజీర బియ్యం తీసుకున్నాను. దీని వడ్లు జీలకర్రలా చిన్నగా, నల్లగా ఉంటాయి, బియ్యం వండితే వీధంతా వాసన. కోరాపుట్ కాలాజీరకి 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే, గుర్తింపు వచ్చింది. ఇలాంటి పాత వరి విత్తనాలు పోకుండా కాపాడినవాళ్లలో మన జిల్లా కమలా పూజారి గారు ఒకరు, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. బియ్యం కొనేటప్పుడు ఆవిడని ఒకసారి తలుచుకున్నాను.

ఆ మధ్యాహ్నం నందపూర్ వైపు వెళ్లి సుబాయిలో పాత జైన గుళ్లు చూసొచ్చాం. చిన్నవి, నిశ్శబ్దంగా ఉంటాయి. సగం పూట చాలు.

డుడుమా జలపాతం ఈసారి వెళ్లలేదు, దసరా తర్వాత వెళ్లిన వీడియో క్లిప్ ఇక్కడ పెడుతున్నాను. మాచ్‌ఖండ్ నది సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. అవతలి ఒడ్డు మన ఆంధ్రా. ఆ దూకుడు మీదే 1955 నుంచి కరెంటు తీస్తున్నారు, నీళ్లు పవర్‌హౌస్‌కి మళ్లిస్తారు కాబట్టి వేసవిలో వెళ్తే నిరాశపడతారు. వర్షాలు తగ్గిన వెంటనే వెళ్లాలి. ఇదే నది కిందకి వెళ్లాక సీలేరు అవుతుంది, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. ఘాట్ రోడ్డు, రానుపోను రోజంతా పడుతుంది. దగ్గర్లోని ఒనకఢిల్లీలో గురువారం సంత, బొండా గిరిజనులు కొండ దిగి వస్తారు. వాళ్లని చూడ్డానికే అంటూ వెళ్లే టూర్లంటే నాకు ఇష్టం లేదు, అందుకే దాన్ని సిఫారసు చేయను.

గుప్తేశ్వర్ గుహ చాలామంది అడిగారు. సున్నపురాయి గుహలో శివలింగం, మెట్లకి రెండు పక్కలా సంపెంగ చెట్లు, కింద శబరి నది. తప్పకుండా చూడాల్సినదే. కానీ ఇక్కడి నుంచి వందకి దగ్గర కిలోమీటర్లు. రైడ్ ట్రిప్‌లో ఇరికించకండి, కోరాపుట్ జిల్లాలోనే ఉన్న జయపురంలో దిగి వేరే రోజు వెళ్లండి. వాన పడి రైడ్ ఆగిపోతే మాత్రం కోరాపుట్ జగన్నాథ గుడి, దాని పక్కన గిరిజన మ్యూజియం మంచివి.

క్యాంప్ గురించి మిగిలినవి. టెంట్ శుభ్రం, భోజనం బాగుంది, వెదురు కొమ్ముల కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. పొద్దున కోరాపుట్ కాఫీ ఇచ్చారు, ఇక్కడి తోటలదే. సైకిల్ అద్దె, గైడ్ డబ్బు ప్యాకేజీలో కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి, మాకు వచ్చాక తెలిసింది. డిసెంబర్, జనవరిలో సెమిలిగుడ చలి 5 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది, ఒక్క స్వెటర్ సరిపోదు. ఇది మలేరియా ప్రాంతం, సాయంత్రం నిండు చేతుల చొక్కా, దోమల క్రీమ్ తప్పనిసరి. సంతకి చిల్లర ఉంచుకోండి.

ఇదే క్యాంప్‌కి మళ్లీ వస్తానా? పిల్లల హెల్మెట్లు తెచ్చారని తెలిస్తే వస్తాను. ఆ గైడ్ కోసమైతే తప్పకుండా వస్తాను.

ఎండ పడింది, కింద మబ్బు విడుతోంది. అదిగో, ఆ మెరుస్తున్నవే మేము గురువారం దాటిన ఝోలా మళ్లు. పాపకి ఆకలేస్తోందట, దిగుతున్నాం. దారిలో ఊట దగ్గర ఆగి ఖాళీ సీసాలు నింపుకుని సునాబెడ వెళ్లాలి, అమ్మ ఆ నీళ్లు తెమ్మని మరీ మరీ చెప్పింది.