డబ్బు ఇచ్చే ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి: లినక్స్ కోసం పాత కంప్యూటర్ కొనడం

నమస్కారం. బల్ల మీద ఉన్న ఈ నల్ల పెట్టె డెల్ ఆప్టిప్లెక్స్ అనే డెస్క్‌టాప్ కంప్యూటర్. ఏదో ఆఫీసులో కొన్నేళ్లు చాకిరీ చేసి, బెంగళూరు మీదుగా మన అనంతపురం చేరింది. విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ను ఇంట్లో వాడాలనుకునేవారికి నేను చెప్పేది ఇలాంటిదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ఆగిపోయింది. ఇలాంటి పెట్టెల్లో ఉండే ఇంటెల్ ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 ఒప్పుకోదు. అందుకే ఆఫీసులు వీటిని వదిలించుకుంటున్నాయి. లినక్స్‌కు మాత్రం ఇవి ఇంకా పడుచు యంత్రాలే.

దుకాణానికి ఉత్త చేతులతో వెళ్లకండి. లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోండి. పెట్టె ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కుతూ ఉండండి. ఇదిగో, దేని నుంచి మొదలుపెట్టాలో అడిగే మెనూ వచ్చింది. పెన్‌డ్రైవ్ ఎంచుకున్నాను. లోపలి డిస్క్‌ను ముట్టుకోకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంది. దుకాణదారు కంగారుపడితే ఆ మాటే చెప్పండి. ఒక పాట పెట్టి వినండి. ముందూ వెనుకా ఉన్న యూఎస్‌బీ రంధ్రాలన్నీ పరీక్షించండి.

ఇక వైఫై. ఇలాంటి డెస్క్‌టాపుల్లో చాలావాటికి అది ఉండదు. నాలుగు డబ్బులు మిగులుతాయని నేను పేరూ ఊరూ లేని డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే వైఫై ముక్క) ఒకటి కొన్నాను. రెండు రాత్రులు కూర్చుని దాని డ్రైవర్‌ను, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రామ్‌ను, కోడ్ నుంచి తయారుచేస్తే (కంపైల్ చేస్తే), లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్‌కు అప్‌డేట్ రాగానే మళ్లీ మూగబోయింది. ఇప్పుడది మా అబ్బాయి బొమ్మల డబ్బాలో ఉంది. మీరు చిప్ పేరు అడిగి కొనండి. మీడియాటెక్ ఎంటీ7601యూ లాంటి వాటికి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. రౌటర్ పక్కనే ఉంటే కేబుల్ చాలు.

ర్యామ్ 8 జీబీ ఉంటే సరి. మిగిలిన డబ్బు ఖరీదైన ఐ7 ప్రాసెసర్ మోజులో పోయకుండా 240 జీబీ ఎస్ఎస్‌డీకి (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) పెట్టండి. తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ఇప్పుడు మూత తీస్తున్నాను. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము చూశారా, కంబళిలా పేరుకుంది. మన ఎండలకు ఇది ఊపిరాడక చస్తుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పాత థర్మల్ పేస్టు (వేడిని బయటికి లాగేది) తుడిచి కొత్తది పూయండి. ఈ పక్కన రూపాయి బిళ్లలా ఉన్నది సీఆర్2032 బ్యాటరీ. ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు పోయిందని బెంగపడకండి, దీన్ని మార్చండి. గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది.