రక్తంలో సాల్మొనెల్లా: మందుకు ముందే కల్చర్ ఎందుకు?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక జనరల్ ఫిజీషియన్, ఒక మైక్రోబయాలజిస్ట్, ఒక పిల్లల వైద్యురాలు.)

యాంకర్: నమస్కారం. వానలు మొదలైతే జ్వరాల వార్డులు నిండిపోతాయి. డెంగీ, మలేరియా తర్వాత ఎక్కువగా వినిపించే పేరు టైఫాయిడ్. ‘రక్తంలో సాల్మొనెల్లా పెరిగింది’ అని ల్యాబ్ నుంచి రిపోర్టు వస్తే అది ప్రతిసారీ టైఫాయిడేనా మేడమ్?

మైక్రోబయాలజిస్ట్: కాదండీ. సాల్మొనెల్లా అనేది ఒక బ్యాక్టీరియా క్రిమి. అందులో 2,500కు పైగా రకాలున్నాయి. టైఫాయిడ్ తెచ్చే టైఫీ, దాని దగ్గరి బంధువు పారాటైఫీ ‘ఎ’ మనుషుల్లోనే బతుకుతాయి. మలం కలిసిన నీళ్ల ద్వారా, తిండి ద్వారా ఒకరి నుంచి ఇంకొకరికి వస్తాయి. మిగతా రకాలు ఎక్కువగా కోళ్లు, పశువులు, సరిగా ఉడకని గుడ్లు, మాంసం నుంచి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నాలుగైదు రోజులు విరేచనాలు పెట్టి పోతాయి, రక్తం దాకా రావు. అలాంటిది రక్తంలో కనిపించిందంటే నేను వార్డుకు ఫోన్ చేసి ముందు అడిగేది, ‘ఈ పేషెంటుకు ఇంకేం జబ్బుంది?’ అని.

ఫిజీషియన్: ఆ ఫోన్ మాకు చాలా పనికొస్తుంది. మా దగ్గరకు ఎలాంటివాళ్లు వస్తారో చెప్తాను. అరవై దాటిన మనిషి. షుగరు ఉంటుంది, కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు, పొద్దున లేస్తే గ్యాస్ మాత్ర. విరేచనాలు ఉండవు. జ్వరం, నడుం నొప్పి, అంతే. కల్చర్‌లో, అంటే రక్తాన్ని ల్యాబ్‌లో ఉంచి అందులోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, టైఫాయిడ్ కాని సాల్మొనెల్లా వస్తుంది. అప్పుడు ఇంజక్షన్ రాసేసి ఊరుకోకూడదు, స్కానింగ్ చేయించాలి. గుండె నుంచి కిందికి వచ్చే పెద్ద రక్తనాళం గోడలో ఈ క్రిమి చేరి ఉండొచ్చు. కొవ్వు పేరుకున్న గోడలంటే దీనికి ఇష్టం. అక్కడ గోడ ఉబ్బి పగిలితే మనిషి దక్కడు.

యాంకర్: గ్యాస్ మాత్రకు, దీనికి సంబంధం ఏంటి సార్?

ఫిజీషియన్: కడుపులో ఆమ్లం మనకు మొదటి కాపలా. తిండితో వచ్చే క్రిముల్లో చాలావరకు అక్కడే చస్తాయి. ఆమ్లాన్ని తగ్గించే మాత్ర రోజూ వేసుకుంటే కొద్దిపాటి క్రిములు కూడా పేగు దాకా చేరతాయి. అవసరమున్నవాళ్లు మానేయమని కాదు, డాక్టరు చెప్పకుండా ఏళ్ల తరబడి మింగొద్దంటున్నాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు కూడా ఈ జాబితాలోనే ఉంటారు.

పిల్లల వైద్యురాలు: సికిల్ సెల్ పిల్లల్ని, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లని, మర్చిపోవద్దు సార్. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు వైపు గిరిజన కుటుంబాల్లో ఈ జబ్బు ఎక్కువ. వాళ్ల ప్లీహం చిన్నప్పుడే దెబ్బతింటుంది కాబట్టి రక్తంలోకి వచ్చిన క్రిమిని వడకట్టే శక్తి పోతుంది. క్రిమి వెళ్లి ఎముకలో చేరుతుంది. సికిల్ సెల్‌లో మామూలుగానే ఎముకలు విపరీతంగా నొప్పి పుడతాయి కదా, ‘ఇది ఎప్పుడూ వచ్చే నొప్పే’ అని సెలైన్, నొప్పి మాత్రలతో సరిపెడితే లోపల ఎముక కుళ్లిపోతుంది. పిల్లవాడికి జ్వరం తగ్గకుండా ఒకే చోట వాపు, నొప్పి ఉంటే కల్చర్ తీయాల్సిందే. మూడు నెలల్లోపు పసిపిల్లలకు విరేచనాలతో జ్వరం వచ్చినా అంతే.

యాంకర్: ప్రపంచంలో ఇది ఎక్కడ ఎక్కువ మేడమ్?

పిల్లల వైద్యురాలు: సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో. టైఫాయిడ్ కాని సాల్మొనెల్లా రక్తంలో చేరిన కేసులు 2017లో ప్రపంచమంతా కలిపి సుమారు 5,35,000, మరణాలు 77,500 అని అంచనా. ఎక్కువమంది అక్కడి పసిపిల్లలే. మలావీ దేశంలో బ్లాంటైర్ పెద్దాసుపత్రి వైద్యులు దీన్ని ఏళ్లుగా పరిశీలిస్తున్నారు. మలేరియాతో రక్తం తగ్గిపోయిన పిల్లలు, తిండి లేక చిక్కిపోయినవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు దీనికి బలవుతున్నారు. విరేచనాలు చాలామందికి ఉండవు. జ్వరం, ఎగశ్వాస చూసి న్యుమోనియా అనుకుంటారు. లేదంటే మలేరియా పరీక్ష పాజిటివ్ వచ్చిందని అక్కడితో ఆగిపోతారు. రెండూ కలిసి ఉన్న పిల్లవాడికి మలేరియా మందు ఒక్కటే ఇస్తే బతకడం కష్టం.

యాంకర్: టీకా లేదా?

పిల్లల వైద్యురాలు: టైఫాయిడ్‌కు ఉంది, అది మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది. భారత్ బయోటెక్ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. అదే బ్లాంటైర్‌లో 28 వేలమందికి పైగా పిల్లల మీద పరీక్షిస్తే 80 శాతానికి పైగా రక్షణ కనిపించింది. కానీ ఈ టీకా పారాటైఫీ ‘ఎ’ను, ఇందాక మనం చెప్పుకున్న మిగతా రకాలను ఆపదు. టీకా వేయించాం కదా అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

యాంకర్: మహబూబాబాద్ నుంచి ఒక ప్రేక్షకుడు లైన్లో ఉన్నారు. చెప్పండి.

ప్రేక్షకుడు: నమస్తే సార్. మా నాయినకు మూడు రోజుల సంది జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ వైడాల్ టెస్టు చేయించిండు. 1:160 ఉందట, టైఫాయిడ్ అన్నడు. రెండు ఇంజక్షన్లు అయినయి, జ్వరం దిగలే. రేపు ఇంకా పెద్ద ఇంజక్షన్ ఏస్తనంటుండు. ఏపియ్యాల్నా వద్దా?

ఫిజీషియన్: వద్దు బాబూ. ముందు నాయిన్ని ఆస్పత్రికి తీసుకురా. వైడాల్ ఒక్కసారి చేసి టైఫాయిడ్ అని తేల్చలేం. అది 1896 నాటి పరీక్ష. క్రిమిని చూడదు, క్రిమి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. మన దగ్గర ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లకు, వేరే జ్వరం ఉన్నవాళ్లకు కూడా పాజిటివ్ వస్తుంది. మూడో రోజుకు నిజమైన టైఫాయిడ్‌లోనే నెగెటివ్ రావచ్చు. అది డెంగీ కావచ్చు, మలేరియా కావచ్చు, చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు. చంకల్లో, గజ్జల్లో నల్లటి పొక్కులాంటి మచ్చ ఉందేమో చూడు. ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, దాని మందే వేరు.

మైక్రోబయాలజిస్ట్: అందుకే మొదటి ఇంజక్షన్‌కు ముందే రక్తం తీసి కల్చర్ సీసాలో వేయాలంటాను.

ఫిజీషియన్: మీరన్నది నిజమే మేడమ్, కానీ మండల కేంద్రంలో కల్చర్ సదుపాయం ఎక్కడుంది? రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. మనిషి వణికిపోతుంటే నేను చేతులు కట్టుకుని కూర్చోలేను.

మైక్రోబయాలజిస్ట్: కూర్చోమని ఎవరూ అనట్లేదు సార్! రక్తం తీయడానికి అయిదు నిమిషాలు చాలు, ఆ వెంటనే మందు మొదలుపెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకుండా, గది వేడిలోనే ఉంచి సీసాను జిల్లా ల్యాబ్‌కు పంపొచ్చు. ఇంకో మాట. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి. మాకు వచ్చేవాటిలో మూడు కూడా ఉండదు. టైఫాయిడ్‌లో మిల్లీలీటరు రక్తానికి ఒక్క క్రిమి కూడా ఉండకపోవచ్చు. అంత పల్చగా ఉన్నదాన్ని మూడు మిల్లీలీటర్లలో ఎలా పట్టుకుంటాం? అన్నీ సరిగ్గా చేసినా కల్చర్ పదిమందిలో ఆరుగురిలోనే దొరుకుతుంది. యాంటీబయాటిక్ పడ్డాక ఆ అవకాశమూ తగ్గిపోతుంది.

యాంకర్: కల్చర్ లేకపోతే ఏం నష్టం? మందు అయితే పడుతోంది కదా.

మైక్రోబయాలజిస్ట్: ఏ మందు పని చేస్తుందో తెలియదు. మన దేశంలో టైఫీ క్రిముల్లో 90 శాతానికి పైగా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగట్లేదు. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మీదే నడుస్తోంది. పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో 2016లో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయటపడింది. అక్కడ నోటి మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. కల్చర్లు చేశారు కాబట్టే అది తెలిసింది.

ఫిజీషియన్: ఒప్పుకుంటాను. ఇంకొకటి, సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. రెండో రోజుకే దిగలేదని మందు మారుస్తూ పోతే ఏది పని చేసిందో దేవుడికే తెలియాలి.

ప్రేక్షకుడు: సార్, ఇంకొక్కటి. అన్నం పెట్టొద్దన్నడు. జావనే తాగిస్తున్నం.

ఫిజీషియన్: లంఖణం పరమౌషధం అనే మాట ఇక్కడ పనికిరాదు. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, పెరుగు, ఇడ్లీ పెట్టు. జ్వరంలో ఒళ్లు కరిగిపోతుంది, తిండి కావాలి. ఒకవేళ ఇది టైఫాయిడే అని తేలితే రెండు మూడు వారాల దాకా కనిపెట్టుకుని ఉండాలి. ఉన్నట్టుండి కడుపులో పోటు వచ్చినా, విరేచనం నల్లగా తారులా అయినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరిగెత్తాలి. పేగుకు చిల్లు పడేది, రక్తం పోయేది అప్పుడే.

మైక్రోబయాలజిస్ట్: ఆ రెండు ఇంజక్షన్ల ఖాళీ సీసాలు పారేశారా బాబూ?

ప్రేక్షకుడు: లేదమ్మా, అటక మీద ఉన్నయి.

మైక్రోబయాలజిస్ట్: వాటిని కూడా పట్టుకెళ్లండి. ఏ మందు పడిందో తెలిస్తే ల్యాబ్‌లో మేం కల్చర్ రిపోర్టును సరిగ్గా అర్థం చేసుకోగలం.