రెండు కౌంటర్ల మధ్య మౌనం

నమస్కారమండీ. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ జిల్లాలోనే బ్యాంకు ఉద్యోగం చేశాను. ఆఫీసులో గొడవ అంటే అందరూ అరుపులే అనుకుంటారు. నేను చూసినంతలో అరుపుల కంటే మౌనమే ఎక్కువ పని చెడగొట్టింది.

మా బ్రాంచిలో రెండు క్యాష్ కౌంటర్లు. ఒకటి నాది, పక్కది తెలుగు రాని ఒడియా సహోద్యోగిది. ఫారాల మీద తెలుగు ఉండదు. పింఛన్ల రోజున గుణుపురం వైపు ముసలమ్మలంతా "బాబూ, కాస్త రాసిపెట్టు" అంటూ నా దగ్గరికే వచ్చేవారు. నా లైను గుమ్మం దాటేది, ఆయన కౌంటర్ ఖాళీ. ఆయన పని తప్పించుకుంటున్నారని నాకు కోపం. జనాన్ని నేనే లాగేసుకుంటున్నానని ఆయనకు అనుమానం. మేనేజరు గారు "సర్దుకుపోండయ్యా" అని లోపలికి వెళ్లిపోయేవారు.

నెలల తరబడి మాటల్లేవు. బ్యాంకులో ఒకరు వేసిన ఎంట్రీ ఇంకొకరు పాస్ చెయ్యాలి. ఖజానా తాళాలు కూడా ఇద్దరి దగ్గర ఉంటాయి. అలాంటి చోట మాటలు ఆగితే పని ఆగినట్టే. ఒక సాయంత్రం నా క్యాష్‌లో 2,000 తక్కువొచ్చింది. ఒకసారి లెక్క చూడండని పక్కాయన్ని అడగలేకపోయాను. జేబులోంచి కట్టాను. ఆ టెన్షన్‌తో మర్నాడు ఇంకో రెండు తప్పులు చేశాను.

కెనెత్ థామస్, రాల్ఫ్ కిల్మన్ అనే ఇద్దరు 1974లో గొడవను ఎదుర్కొనే తీరులు ఐదని చెప్పారు: పంతం పట్టడం, తప్పించుకోవడం, తలొగ్గడం, చెరికాస్త తగ్గడం, కలిసి దారి వెతకడం. దేని సందర్భం దానిదే అన్నారు. నిజమే, పాస్‌వర్డ్ ఇమ్మని తోటి ఉద్యోగి అడిగితే పంతమే పట్టాలి. మా మేనేజరు గారిది మాత్రం తప్పించుకోవడం. దాని ఖరీదు మేం కట్టాం.

తర్వాత వచ్చిన మేనేజరు ఒకరోజు షట్టర్ దించాక ఇద్దరికీ టీ తెప్పించి కూర్చోబెట్టారు. తప్పెవరిదని అడగలేదు. "ఆ ముసలమ్మలు ఇటే ఎందుకొస్తున్నారు?" అన్నారు. ఆలోచిస్తే వాళ్లకు కావాల్సింది ఫారం రాసే మనిషి. పింఛన్ల రోజు పొద్దున నేను బయట బల్ల దగ్గర రాయడం, డబ్బు ఆయన ఇవ్వడం అని అక్కడే అనుకున్నాం. ఆయన "ఎంత కావాలమ్మా" అనడం నేర్చుకున్నారు.

మళ్లీ ఒకసారి నాకు 400 తక్కువొచ్చింది. నేను పిలవకుండానే ఆయన వచ్చి నా కట్టలన్నీ విప్పి లెక్కపెట్టారు. వంద నోట్ల కట్టలో ఒక ఐదు వందల నోటు దొరికింది.