వహాకా రివ్యూ: శిథిలాల కంటే ముందు సంతకు వెళ్లండి

నమస్కారం. ఈరోజు రివ్యూ మెక్సికోలోని వహాకా గురించి. పేరులో ఎక్స్ అక్షరం ఉంటుంది. దాన్ని నమ్మి నేను ‘ఓక్సాకా’ అని పలికి, మొదటి రోజంతా నవ్వులపాలయ్యాను.

వచ్చినవాళ్లందరూ ముందు మోంటే ఆల్బాన్‌కి వెళతారు. నేనూ అంతే. క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో జపోటెక్ ప్రజలు కొండ నెత్తిని చదును చేసి కట్టుకున్న నగరం అది. 1987లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడి రాతి పలకల మీద వంకర్లు తిరిగిన మనుషుల బొమ్మలు ఉన్నాయి. వాళ్లను ‘నాట్యగాళ్లు’ అంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే కళ్లు మూసుకుపోయి, నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ఈ బొమ్మల్లో ఉన్నది చంపబడ్డ యుద్ధఖైదీలని ఇప్పుడు చాలామంది పరిశోధకుల మాట. అది తెలిశాక వాటి ముందు ఫొటో దిగబుద్ధి కాలేదు. కొండ మీద నీడ తక్కువ, టోపీ లేకుండా వెళ్లకండి.

హియెర్వె ఎల్ ఆగ్వా అనే చోటు కూడా చూశాను. ఆ పేరుకు అర్థం ‘నీళ్లు మరుగుతున్నాయి’ అని. చేయి పెడితే చల్లగా ఉన్నాయి! ఊటలో బుడగలు లేస్తాయి, అంతే. ఆ నీటిలోని ఖనిజాలు వేల ఏళ్లుగా పేరుకుని, కొండ అంచున జలపాతం గడ్డకట్టినట్టు తెల్లటి రాయి వేలాడుతూ ఉంటుంది. చూడదగ్గదే, కానీ దారి దుమ్ము.

నా మార్కులన్నీ మాత్రం త్లాకొలూలా అనే ఊరి ఆదివారం సంతకే. అక్కడ తెహాతే అనే పానీయం అమ్ముతారు. మొక్కజొన్న, కకావ్ (చాక్లెట్ చేసే కోకో) గింజలు కలిపి రుబ్బిన ముద్దను పెద్ద మట్టి బేసిన్‌లో వేసి, నీళ్లు పోస్తూ మోచేతి దాకా ముంచి కలుపుతారు. పైన మీగడలా నురుగు తేలుతుంది. చక్కెర పాకం కలిపి, రంగులు వేసిన ఎండుకాయ బుర్రలో పోసి ఇస్తారు. మొదటి గుక్కకు ముఖం చిట్లించాను, మూడో గుక్కకు బుర్ర ఖాళీ.

ఒక వంటింట్లో మెతాతే చూశాను. మన సన్నికల్లుకు మూడు కాళ్లు పెట్టి, కాస్త వాలుగా నిలబెట్టినట్టు ఉంటుంది. ఇంటావిడ మోకాళ్ల మీద కూర్చుని మొక్కజొన్న రుబ్బుతున్నారు. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి రాత్రంతా నానబెట్టారట. అవును, తాంబూలంలో వేసుకునే సున్నమే. దాంతో పొట్టు వదులుతుంది, గింజలోని బి3 విటమిన్ ఒంటికి పడుతుంది. నన్నూ రుబ్బమన్నారు. రెండు నిమిషాల్లో నడుము పట్టేసింది.

ఇక మోలే నెగ్రో. మిరపకాయల్ని నల్లబడేదాకా వేయించి, గింజల్ని మాడ్చి, చాక్లెట్ కలిపి చేసే నల్లటి పులుసు. మిరపకు మెక్సికో పుట్టిల్లు, పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరికి వచ్చింది. అందుకని నేను గుంటూరు కారం ఊహించుకుని పక్కన నీళ్లు పెట్టుకున్నాను. అవసరం పడలేదు. మనం మిరపకాయను కారం అడుగుతాం, వాళ్లు వాసన అడుగుతారు. పొగ, తీపి, చిరుచేదు ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. సంతలో నిమ్మరసం, వెల్లుల్లి పట్టించిన వేయించిన మిడతలు కూడా అమ్ముతారు. తిన్నాను. కరకరలాడాయి. అంతకంటే పొగడలేను.

శాకాహారులు జాగ్రత్త! త్లయూదా అంటే పళ్లెమంత రొట్టె మీద చిక్కుడు గింజల ముద్ద, చీజ్. చూడటానికి శాకాహారమే, కానీ రొట్టెకు రాసేది పంది కొవ్వు. గింజల ముద్దలోనూ ఉండవచ్చు. ‘సిన్ అసియెంతో, సిన్ మాంతేకా’ అని అడగండి. మోలేలోనూ కోడి రసం పోస్తారు. నాతో వచ్చిన స్నేహితుడికి సగం తిన్నాక ఈ సంగతి తెలిసింది. ఆ రాత్రి అతను అరటిపండ్లతో సరిపెట్టుకున్నాడు.

ఎండలో తాగడానికి ఆగ్వా దె హమైకా అని ఎర్రటి పుల్లటి షర్బత్ ఇస్తారు. ఎండబెట్టిన హమైకా రేకులు ఒక పొట్లం కొని ఇంటికి తెచ్చాను. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, ‘ఇది ఎర్ర గోంగూర కాయల తొక్క కదరా, దీనికోసం అంత దూరం వెళ్లావా?’ అంది.