ఆవు, ఆమ, ఇరవై మూడు

రమణ: నమస్కారం. పలకలు తుడుచుకుని కూర్చున్నారా? ఈరోజు మన కార్యక్రమంలో ఒకటో తరగతి లెక్కలు. పదులు, ఒకట్లు. పోయినసారి గుమ్మడికాయ దగ్గర ఆగిపోయాం కాబట్టి, సుజాతక్కా, ఈసారి దారి తప్పవద్దు.

సుజాత: తప్పను. చీపురుపుల్లలు కూడా తెచ్చుకున్నాను. పది పుల్లలకు ఒక కట్ట, కట్టకు ఒక రబ్బరు బ్యాండు. కానీ ముందు ఒక్క మాట చెప్పనీ. నిన్న మా తరగతిలో ఒక పిల్లవాడు ఆవు బొమ్మ వేసి కింద పేరు రాశాడు. రాసింది "ఆమ".

రమణ: వ, మ కలిసిపోయాయి. మామూలే.

సుజాత: నేనూ అలాగే అనుకున్నాను. సరిదిద్దబోయి, ఎందుకో ఆగి, ఎలా రాశావని అడిగాను. "వ రాశాను టీచర్, పక్కన కొమ్ము పెట్టాను" అన్నాడు. కకు కొమ్మిస్తే కు, తకు కొమ్మిస్తే తు. అక్కడ కొమ్ము పక్కనే కదా పెడతాం! వాడూ అలాగే పెట్టాడు. పెట్టేసరికి అది మ అయింది.

రమణ: అందుకేగా పు, ఫు, వులకు కొమ్మును కిందినుంచి తిప్పుతాం.

సుజాత: ఆ సంగతి వాడికి ఎవరు చెప్పారు? గుణింతం పాడించాం, అంతే. వాడు సూత్రం పట్టుకున్నాడు. మినహాయింపు చెప్పనిది నేను. ఆ కాగితాన్ని దాచుకున్నాను, రమణా.

రమణ: చెప్పకపోవడం వేరు, పాడించడం వేరు. గుణింతం జోలికి రాకండి. "కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ" అని మా పల్లె బడిలో పాడుతుంటే వీధి చివరికి వినిపించేది. ఇప్పటికీ ఒక్క అక్షరం మరిచిపోలేదు.

సుజాత: మధ్యలో ఆపి "కకు ఏత్వమిస్తే?" అని అడిగి చూడు. పిల్లలు మళ్లీ క దగ్గరినుంచి మొదలుపెడతారు.

రమణ: పెట్టనివ్వండి! చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు మొదటినుంచి పాడుకుంటూ వచ్చి కే దగ్గర ఆగుతారు. ఎవరినీ అడగకుండా తామే చేరుకునే దారి అది. మీరు దాన్ని బట్టీ అని తీసిపారేస్తున్నారు.

సుజాత: తీసిపారేయడం లేదు. పాట చివర ఒక మాట ఉండాలంటున్నాను. కే వచ్చాక "కేక" చదివించాలి. ల, త, వ, క నాలుగూ వస్తే తల, వల, కల, తవ్వకుండానే ఎన్ని మాటలు దొరుకుతాయో! యాభై ఆరు అక్షరాలూ వచ్చేదాకా మాట చూపించకపోతే పిల్లవాడు దేనికోసం నేర్చుకోవాలి? ఌ, ౡ నేర్పి ఏ మాట చదివించను?

రమణ: అది ఒప్పుకుంటాను. చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో తెలుగుకు వర్ణాలు ముప్పైయారని చెప్పాడు. మనం పటంలో ఇంకా యాభై ఆరు వేలాడదీస్తున్నాం. అయినా నేను చెప్పేది అక్షరాల సంఖ్య కాదు. పలక ఉండాలి.

సుజాత: వచ్చింది పలక.

రమణ: వస్తుంది. పలకమీద పిల్లవాడు భయం లేకుండా రాస్తాడు. తప్పయితే అరచేత్తో తుడుస్తాడు, మళ్లీ రాస్తాడు. నోటుపుస్తకంలో ఎర్రసిరా సున్న చుడితే అది ఏడాదంతా అక్కడే ఉంటుంది. ఇంటికి వెళ్లి నాన్నకు కూడా కనిపిస్తుంది.

సుజాత: నిజమే. కానీ నిన్న "ఆమ" పలకమీద రాసి ఉంటే, నేను చూసేలోపే తుడిచేసేవాడు. వాడి ఆలోచన నాకు దక్కేది కాదు. తుడవడం వాడికి మేలు, నాకు నష్టం.

రమణ: అయితే తుడవకముందే చూడాలి.

సుజాత: ముప్పైమంది ఉన్నారు నాయనా.

రమణ: (కాసేపు ఆగి) అది సరే. నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దిస్తాం. ఎంత మంచి పద్ధతి అది! వేలికి అక్షరం వంపు తెలుస్తుంది. మర్నాటినుంచి పెన్సిల్ ఇచ్చి గీతల మధ్య ఇరికిస్తాం. ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆమె పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలు వేలితో తడుముతారు. మన బియ్యం చేసే పని అదే. ఒక్క పూటతో ఎందుకు ఆపేస్తున్నాం? ఇసుక దొరకని ఊరు ఉందా?

సుజాత: ఇది బాగుంది. సోమవారం ఇసుక పోయిస్తాను. వును ఇసుకలో దిద్దిస్తాను, కొమ్ము ఎటు తిరుగుతుందో వేలికే తెలుస్తుంది.

రమణ: పలక కూడా ఇవ్వండి.

సుజాత: ఇస్తానయ్యా. ఇక లెక్కలు. ఎంత సమయం ఉంది?

రమణ: తక్కువే. "ఇరవై మూడు రాయమంటే మా పాప 203 రాస్తోంది" అని ఒక అమ్మ అడిగారు.

సుజాత: ఇదీ "ఆమ" లాంటిదే! ఇరవై అంటే 20 అని నేర్పాం. మూడు అంటే 3. విన్నది విన్నట్టు పక్కపక్కన పెట్టింది. కోప్పడవద్దమ్మా. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు చేతిలో పెట్టండి, కట్టల కింద 2, పుల్లల కింద 3 రాయించండి. ఇంకొకటి, తెలుగు అంకెల పేర్లు పిల్లలకు ఎంత సాయం చేస్తాయో మనం గుర్తించం. ఇరవై దాటాక అన్నీ విప్పి చెప్పినట్టే ఉంటాయి. పద్నాలుగులో పది ముందు వినిపిస్తుంది. ఇంగ్లిషు ఫోర్టీన్‌లో నాలుగు ముందు వస్తుంది. అందుకే మా దగ్గర కొందరు ఫోర్టీన్ అనగానే 41 రాస్తారు. పన్నెండు, పంతొమ్మిది దగ్గర మాత్రం మనమూ కొంచెం ఆగాలి.

రమణ: మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలని 2021లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ పథకం మొదలుపెట్టింది. 2026-27కు చేరాలన్నారు. తెలంగాణలో అలాంటిదే తొలిమెట్టు అనే కార్యక్రమం 2022లో వచ్చింది.

సుజాత: లక్ష్యం నాకు ఇష్టమే. పిల్ల ఏ భాషలో లెక్కపెడుతోందో కూడా చూడాలి. చాలా ఏళ్ల కిందట, తండానుంచి ఒక పిల్ల వచ్చేది. రెండు నెలలు నోరు తెరవలేదు. దానికి అంకెలు రావని రాసుకున్నాను. ఒకరోజు వరండాలో ఒక్కతే చింతగింజలు లెక్కపెడుతోంది, లంబాడీలో. గడగడా. నేను వెనకే నిలబడి ఉన్నాను. అది నన్ను చూసి ఆపేసింది. రమణా, నన్ను చూసి ఆపేసింది.

రమణ: తరవాత?

సుజాత: పక్కన కూర్చున్నాను. నాకు నేర్పమని అడిగాను. చాలాసేపటికి ఒక గింజ నా చేతిలో పెట్టింది.

రమణ: ...

సుజాత: సరే, పుల్లలు. పది పుల్లల కట్ట విప్పి తీసివేత ఎలా చేయాలో చూపిస్తాను. ఇవి నిన్న పిల్లలే కట్టారు. ఒకటి, రెండు, మూడు... ఆగు. ఇందులో పదకొండు ఉన్నాయి.

రమణ: మళ్లీ లెక్కపెట్టండి.

సుజాత: తొమ్మిది, పది, పదకొండు. రెండో కట్ట ఇలా ఇవ్వు. ఇందులోనూ పదకొండే. ఇవి రెండూ కట్టింది ఒక్కరే అయి ఉండాలి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు ఒకేలా తిప్పి ఉంది. రేపు వెళ్లగానే ఎవరో అడగాలి, ఎలా లెక్కపెట్టారో